చందానగర్‌లో వేడినీటి సత్రం

హైదరాబాదులో మొట్టమొదటి జపాను తరహా వేడినీటి సత్రం తెరిచినవాణ్ణి నేనే. కాదన్నవాళ్లతో పందెం కాస్తాను. ముంబై రోడ్డు దిగి, చందానగర్ కూరగాయల మార్కెట్టు దాటి, రెండు సందులు తిరిగితే వచ్చే మూడు గదుల ఇంట్లో తెరిచాను. స్టార్ హోటలు ఖర్చులో మూడో వంతుకే నడిపిస్తానని మా ఎం.డి. గారి ముందు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను. కొండా, మంచూ, భూమిలోంచి పుట్టే ఊటా లేకపోయినా ఇటుకలతో పని జరిగిపోతుందని కనిపెట్టిన బుర్ర నాది. ఆ రోజుల్లో మాదాపూర్ చుట్టుపక్కల తెలివితక్కువ నిర్ణయాలకు కరువేమీ లేదు గానీ, ఈ స్థాయిది ఇంకొకటి నాకు తెలియదు.

ఇప్పుడు ఇరవయ్యో అంతస్తులో కాఫీ మిషను పక్కన నిలబడి ఇది చదివే పిల్లలకి అప్పటి సంగతి కొంచెం చెప్పాలి. గుండ్రటి టవరు అప్పుడప్పుడే లేచింది. దాని చుట్టూ బండరాళ్లు, కంకర లారీలు, మేకలు. మా కంపెనీ ఆ టవరులో కాదు, దాన్ని కిటికీలోంచి చూసుకునే ఒక అద్దె మేడలో ఉండేది. నా ఉద్యోగం పేరు అడ్మినిస్ట్రేషన్ మేనేజరు. కుర్చీలు, జనరేటరు డీజిలు, టీపొడి, వీసాలు, ప్రోగ్రాం రాయడం తప్ప మిగతావన్నీ నావే. తెనాలి బజారులో మా నాన్నకీ బాబాయిలకీ ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. నేను మాటలు నేర్చుకున్నది బేరాల మధ్య. సగానికి అడగడం, మొహం చిట్లించడం, లేచి నాలుగడుగులు వేయడం, వెనక్కి పిలిచేదాకా తిరిగి చూడకపోవడం. ఈ విద్యతోనే డిగ్రీ సరిగా లేకపోయినా మేనేజరునయ్యాను.

మా కంపెనీకి తిండి పెడుతున్నది జపానులో ఒక నీటిపంపుల కంపెనీ. వాళ్ల పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్నారు. రెండు వేల సంవత్సరం వస్తే ఆ ప్రోగ్రాములు గందరగోళపడతాయి కాబట్టి మా పిల్లలు వాటిని దిద్దుతున్నారు. ఆ పని అయిపోవచ్చింది. దాని తర్వాత మూడేళ్ల నిర్వహణ కాంట్రాక్టు మాకు ఇస్తే ఇరవై రెండు మంది పిల్లల ఉద్యోగాలు నిలబడతాయి. ఇవ్వకపోతే వాళ్లందరికీ ఉద్యోగం లేదని ఉత్తరాలు టైపు చేయించాల్సింది నేనే. కాంట్రాక్టు మాట మాట్లాడటానికి ఎం.డి. గారు, జపాను భాష వచ్చిన మా ప్రాజెక్టు లీడరు అమ్మాయి, బేరం వచ్చిన నేను, ముగ్గురం ఆ చలికాలం టోక్యో వెళ్లాం.

మూడు రోజులు మీటింగులు. ఎవరూ అవునని గానీ కాదని గానీ అనలేదు. నాలుగో రోజు వాళ్ల పెద్ద ఇంజనీరు మమ్మల్ని కొండల్లోకి తీసుకెళ్లాడు. ఆయనకి అరవై దగ్గర పడ్డాయి. నడుం నొప్పి మనిషి. కుర్చీలో కూర్చోవాలంటే ముందు దాని వంక అనుమానంగా చూసేవాడు. మా పని బాగుందో లేదో తేల్చి సంతకం పెట్టవలసింది ఆయనే.

రైలు దిగి, చిన్న బస్సెక్కి, మంచులో కొంత దూరం నడిచాక ఒక పాత చెక్క సత్రం వచ్చింది. గుమ్మంలోనే చెప్పులు విప్పాం. సత్రం నడిపే ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకి ఆనేంతగా వంగి నమస్కరించింది. మా కొట్టుకి కలెక్టరు భార్య వచ్చినప్పుడు కూడా మా నాన్న అంత వంగలేదు. గదిలో మంచం లేదు, కుర్చీ లేదు. నేలంతా గడ్డి చాపలు, మధ్యలో పొట్టి బల్ల, కాగితం అతికించిన జరిగే తలుపులు. తొడుక్కోమని ఒక నూలు అంగీ ఇచ్చారు. నేను దాన్ని చుట్టుకుని వరండాలోకి రాగానే ఆవిడ గబగబా వచ్చి విప్పి మళ్లీ చుట్టింది.

"ఏమైందమ్మా?" అని మా అమ్మాయిని అడిగాను.

"కుడివైపు అంచు పైకి రాకూడదట సార్. అలా చుట్టేది శవాలకట."

ఎం.డి. గారు గదిలోకి వెళ్లి తనది సరిచూసుకుని వచ్చారు.

భోజనం సంగతి చెప్పాలి. మేం ముగ్గురం మాంసం, చేపలు తినమని ముందే చెప్పి ఉంచారు. కాబట్టి కొండ కూరలు, సోయా ముద్దలు, పుట్టగొడుగులు, ఊరగాయ ముక్కలు. అన్నీ చెంచాడు చెంచాడు, దేని గిన్నె దానిదే. నేను తినడం మానేసి గిన్నెలు లెక్కపెట్టాను. ఒక్కో మనిషికి పద్నాలుగు. ఒక దాని ఆకారం ఇంకొకదానికి లేదు. ఇవి ఎవరు తోముతారు, ఒకటి పగిలితే జత ఎక్కడ దొరుకుతుంది అనే ఆలోచనతో ముద్ద దిగలేదు. తర్వాత గది రేటు ఎంతని వాకబు చేశాను. అందులో రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిసే ఉన్నాయన్నారు. బిల్లు కట్టేది వాళ్ల కంపెనీ. అయినా నాకు ప్రాణం ఒప్పలేదు. ఆతిథ్యం ఇచ్చేవాడికి నాలుగు డబ్బులు మిగిల్చి పెడితే మన మీద గౌరవం పెరుగుతుందని తోచింది.

"అమ్మా, పొద్దుటి ఫలహారం మాకొద్దు, ఆ మేరకు తగ్గించమని ఆవిడని అడుగు" అన్నాను.

మా అమ్మాయి ఆవిడతో ఏదో మాట్లాడింది. ఆవిడ చాలాసేపు ఆనందంగా జవాబు చెప్పింది.

"కుదరదట సార్."

"అంతసేపు చెప్పింది?"

"వివరంగా చెప్పిందండి, ఎందుకు కుదరదో."

చాలా ఏళ్ల తర్వాత, తన కూతురి పెళ్లిలో, ఆ అమ్మాయే అసలు సంగతి చెప్పింది. ఆ రోజు తను రేటు ఊసే ఎత్తలేదట. ఈ సత్రం ఎన్నాళ్ల నాటిదని అడిగిందట. ఆవిడ తన ముత్తాత నుంచి మొదలుపెట్టిందట.

స్నానానికి ఎం.డి. గారు జ్వరం వచ్చేలా ఉందని తప్పుకున్నారు. నేను మాత్రం, రేటులో కలిసిపోయినదాన్ని వదులుకోవడం ఇష్టంలేక ఇంజనీరు వెంట వెళ్లాను. కాలవలో దిగినా మొల తువ్వాలు విప్పని వంశం మాది. అక్కడ తువ్వాలు మొలకి ఉండకూడదు, మడిచి నెత్తి మీద పెట్టుకోవాలి. ఇంజనీరు ఏమీ మాట్లాడకుండా చేసి చూపించాడు. ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్లంతా సబ్బుతో రుద్దుకుని, ఒక్క నురగ బొట్టు మిగలకుండా కడుక్కోవాలి. ఆ తర్వాతే తొట్టిలోకి. ఆరుబయట రాతి తొట్టి, అంచుల మీద మంచు, నీళ్లు పొగలు కక్కుతున్నాయి. దిగినప్పుడు ప్రాణం పోయిందనుకున్నాను. కాసేపటికి, పోతే పోయిందిలే అనిపించింది.

ఇంజనీరు కళ్లు మూసుకుని అరగంట కదల్లేదు. లేచి నిలబడినప్పుడు చూస్తే ఆయన నడుము నిటారుగా ఉంది. తనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, నడుం నొప్పి ఇక్కడికి వస్తే గాని తగ్గదన్నాడు. ఏప్రిల్ చివర్లో హైదరాబాదు వచ్చి నెల రోజులుండి మా పని పరీక్ష చేస్తానన్నాడు. వెంట ఇద్దరు కుర్ర ఇంజనీర్లు వస్తారట.

నేను అప్పటికే తొట్టి కొలతలు చూసుకుంటున్నాను. పొడవు పది అడుగులు, వెడల్పు ఏడు, లోతు రెండున్నర. ఇందులో ఏముంది, మన చందానగర్‌లో కట్టలేమా అనుకున్నాను. నీళ్లు ఒక పక్క వెదురు గొట్టంలోంచి పడుతూ, ఇంకో పక్క పొర్లి పోతూనే ఉన్నాయి. నేనది చూశాను, కానీ లెక్కలోకి తీసుకోలేదు. సామాన్ల కొట్టులో పెరిగినవాడికి పాత్ర కొలత కనపడుతుంది, అందులో ఉన్నది కనపడదు.

తిరిగొచ్చే విమానంలోనే ఎం.డి. గారికి చెప్పాను. ముగ్గురికి నెల రోజులు హోటలంటే రెండు లక్షల నలభై వేలు. నేనైతే ఎనభై వేలకి వాళ్లకి సొంత దేశంలో ఉన్నట్టే చేస్తాను.

"ఎనభైకి అవుతుందాండీ?" అన్నారాయన.

"అవుతుంది సార్."

ఒక్క వస్తువు రేటు కూడా కనుక్కోకుండా ఆ మాటన్నాను. తర్వాత అందులో ఇమిడేలా సత్రం కట్టాను.

మేస్త్రి ఆ వీధివాడే. పెరట్లో ముగ్గు పోసి చూపిస్తే చేతులు నడుం మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏంది సార్ గిది, మనుషులకా బర్లకా?"

"మనుషులకే. జపానువాళ్లకి."

"ఆళ్లకు బకెట్లు లెవ్వా?"

గడ్డి చాపల బదులు మామూలు తుంగ చాపలు వేయించాను. మదీనాగూడలో ఒక దర్జీ చేత గళ్ల లుంగీ గుడ్డతో అంగీలు కుట్టించాను. నీళ్లు కాచడానికి పెళ్లిళ్ల వంటవాళ్ల దగ్గర పెద్ద గుండిగలూ గ్యాసు పొయ్యిలూ నెలకి మాట్లాడాను. ఎంత తోమించినా ఆ గుండిగల్లోంచి సాంబారు వాసన పోలేదు. జపాను ఊటలో గంధకం వాసన, మన ఊటలో ఇంగువ వాసన అని సరిపెట్టుకున్నాను. తొట్టిలోపలి టైల్స్‌కి మదీనాగూడ రోడ్డు మీద షాపులో బేరమాడాను. నేలకి వేసే గరుకు టైల్స్ ధర దగ్గర బేరం తెగలేదు. లేచాను, నాలుగడుగులు వేశాను, వెనక్కి పిలిచాడు. మిగిలిపోయిన గోడ టైల్స్ ఒక లాటు ఉంది, తీసుకుంటే చవగ్గా ఇస్తానన్నాడు. నున్నగా, లేత నీలం రంగులో, పైన మెరుపు. గోడ టైల్స్ నేలకి వేయకూడదని నాకు తెలుసు. తేడా పంతొమ్మిది వందలు. తీసుకున్నాను.

ఇల్లు చూసుకోవడానికి మా ఆఫీసు వంటగదిలో పనిచేసే నార్సింగి ఆవిడని పెట్టాను. నా ఈడుదే. అతిథులు రాగానే మోకాళ్ల మీద కూర్చుని నమస్కరించాలని నేర్పబోయాను.

"మోకాళ్ల మీద కూసునుడు నాతోని కాదు సార్. కూసుంటె లేపనీకి ఇద్దరు గావాలె. నిలవడి దండం పెడ్త, సాలదా?"

సరే అన్నాను.

అతిథులు వచ్చారు. నిజం చెప్పాలంటే పెద్ద ఇంజనీరు మొహం మొదట అయోమయంతో, తర్వాత వెలుగుతో నిండింది. గళ్ల అంగీ ఎడమ అంచు పైకి వచ్చేలా చుట్టుకున్నాడు. పీట మీద కూర్చుని ఒళ్లు కడుక్కుని తొట్టిలో దిగి, నెత్తిన తువ్వాలు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మే నెల ఎండల్లో వేడినీళ్ల స్నానమేమిటని వీధి పిల్లలు గోడెక్కి చూశారు. ఎం.డి. గారు నా భుజం తట్టారు.

పెద్దాయన లేచాక కుర్ర ఇంజనీర్లు దిగాలి. అదే నీళ్లలో. వాళ్ల పద్ధతి అది. అందరూ కడుక్కునే దిగుతారు కాబట్టి నీళ్లు శుభ్రంగానే ఉంటాయి. నా ఎనభై వేల లెక్క కూడా ఆ పద్ధతి మీదే నిలబడింది. ఆ ఎండాకాలం చందానగర్ బోర్లన్నీ ఎండిపోయి, వీధంతా ట్యాంకర్ల మీద బతుకుతోంది. ఇద్దరు కుర్రవాళ్లూ అంగీలు వేసుకుని పెరట్లోకి వెళ్లేసరికి తొట్టి ఖాళీ. నార్సింగి ఆవిడ గొట్టానికి ఉన్న బిరడా లాగేసి, చీపురుతో అడుగు కడుగుతోంది.

"ఏం చేశావమ్మా?" అన్నాను.

"పెద్దసారు తానం అయ్యింది గద. వదిలేసిన."

"మిగతావాళ్లు ఎందులో దిగుతారు?"

ఆవిడ చీపురు పక్కన పెట్టింది. "ఒకలు తానం జేసిన నీళ్లల్ల ఇంకొకల్ని దించుతరా సార్? ఇంటికొచ్చిన సుట్టాలు ఆళ్లు. మీ ఇంట్ల గిట్లనే జేస్తరా?"

మా ఇంట్లో అలా చేయం. ఆ మాట ఒప్పుకుంటే రోజుకి మూడు ట్యాంకర్లు కావాలి. కాబట్టి ఒప్పుకోలేదు. అక్కడి ఆచారం అదేనని చెప్పి, అక్కడి ఆచారం కానిది ఇంకొకటి కలిపాను: మూడు రోజులకి ఒకసారి తప్ప నీళ్లు వదలొద్దన్నాను. ఆవిడ నా వంక చూసి, "నీ ఇష్టం సార్, నాకేంది" అని లోపలికి వెళ్లిపోయింది.

ఈలోగా ఆఫీసులో ఇంకో గొడవ. మొదటి వారంలో ఒక జాబితాలో తేదీలు తప్పొచ్చాయి. మా పిల్లలు దాన్ని ఎవరికీ చెప్పకుండా దిద్దేసి మర్నాడు సరైన కాగితాలు ముందు పెట్టారు. పెద్ద ఇంజనీరు నిన్నటివీ ఇవాళ్టివీ పక్కపక్కన పెట్టుకుని చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

"తప్పు ఉన్నందుకు కాదు సార్" అంది మా ప్రాజెక్టు లీడరు అమ్మాయి నా గదిలోకి వచ్చి. "చెప్పకుండా దిద్దినందుకు. మూడేళ్లు మన చేతుల్లో పెడితే మనం ఏం దాస్తామో అని ఆయన భయం. కాంట్రాక్టు పోయేలా ఉంది."

ఇరవై రెండు ఉత్తరాలు నా కళ్ల ముందు కదిలాయి. అయినా అది నా శాఖ కాదు కదా అనుకున్నాను.

రెండో వారం మొదట్లో ఒక సాయంత్రం. తొట్టిలో నీళ్లకి మూడో రోజు. గేటు దగ్గర నేను ట్యాంకరువాడితో గొడవ పడుతున్నాను. ట్యాంకరు నిండా లేదని నా వాదన. వాడు మూత తీసి చూసుకోమంటున్నాడు. పెరట్లోంచి బస్తా పడ్డట్టు చప్పుడైంది. ఆ వెంటనే కేక ఏదీ రాలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

పెద్ద ఇంజనీరు తొట్టి అంచు మీంచి లోపలికి కాలు పెట్టగానే జారాడు. వెన్ను అంచుకి కొట్టుకుంది. కుర్రవాళ్లిద్దరూ, నార్సింగి ఆవిడా, ట్యాంకరువాడూ కలిసి ఆయన్ని లేపారు. ఆవిడ తన కొంగుతోనే ఆయన్ని కప్పింది. అదే ట్యాంకరు లారీ ముందు సీట్లో పడుకోబెట్టి దవాఖానకి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో ఎముకలు విరగలేదన్నారు. నడుం దగ్గర కండరాలు బాగా దెబ్బతిన్నాయి, రెండు వారాలు గట్టి నేల మీద వెల్లకిలా పడుకోవాలి, కదలకూడదు అన్నాడు డాక్టరు.

ఆయన్ని మళ్లీ చందానగర్ ఇంటికే తెచ్చి చాప మీద పడుకోబెట్టాం. ఎం.డి. గారు అక్కడికి వచ్చారు. నన్ను సందులోకి తీసుకెళ్లారు.

"మేస్త్రి ఎవరండీ?"

"ఈ వీధివాడే సార్."

"పని సరిగా చేయలేదని వాడి మీద పెట్టేద్దాం. కాంట్రాక్టరు పొరపాటు అంటే కంపెనీకి అంటదు. మీరు మాటకారి కదా, మీరే చెప్పండి."

సరే సార్ అన్నాను. ఆ మాటలు ఎలా పేర్చాలో కూడా మనసులో కూర్చుకున్నాను. ఇంతలో మా అమ్మాయి మర్నాటి కబురు తెచ్చింది. పెద్ద ఇంజనీరు ఈ ప్రమాదం గురించి మీటింగు పెట్టమన్నాడట. ఆయన లేవలేడు కాబట్టి మీటింగు ఆయన పడక దగ్గరే. మా జట్టు మొత్తం రావాలట.

"స్నానాల తొట్టి గురించి ప్రోగ్రాం రాసేవాళ్లకెందుకు?" అన్నాను.

"వాళ్లు ఏది పాడైనా ఇలాగే కూర్చుంటారు సార్. పంపు చెడినా, ప్రోగ్రాం చెడినా. ఎవరు చేశారని అడగరు. ఎందుకు జరిగిందని అడుగుతారు. జవాబు చెప్తే దానికి మళ్లీ ఎందుకని అడుగుతారు. అడుగు తగిలేదాకా." మా మాటలు వినే ఉంటుంది, "మేస్త్రి పేరు చెప్పకండి సార్" అంది.

మర్నాడు, ఆదివారం పొద్దున, ఇరవై రెండు మందీ ఆ ముందుగదిలో తుంగ చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. అమ్మాయి చర్చి నుంచి తిన్నగా వచ్చింది. మధ్యలో గళ్ల అంగీతో పెద్ద ఇంజనీరు వెల్లకిలా పడుకుని సీలింగు ఫ్యాను వంక చూస్తున్నాడు. గోడకి ఒక తెల్లకాగితం అతికించారు. కుర్ర ఇంజనీరు ఒకతను మార్కరు పట్టుకుని నిలబడ్డాడు. ముందుగా పెద్దాయన, తాను పడి అందరికీ ఇబ్బంది కలిగించినందుకు క్షమించమన్నాడు. మా పిల్లలు తలలు దించుకున్నారు.

తర్వాత మొదటి ప్రశ్న. ఎందుకు జారింది?

తొట్టి అడుగు జిడ్డుగా ఉంది కాబట్టి, అన్నాడు కుర్ర ఇంజనీరు. ఎందుకు జిడ్డు? నార్సింగి ఆవిడ టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ నోరు విప్పకముందే నేను విప్పడం మంచిదనిపించింది.

"మూడు రోజులు నీళ్లు మార్చొద్దని నేను చెప్పాను."

అమ్మాయి అనువదించింది. ఈసారి సరిగ్గానే అనువదించిందని ఆ అమ్మాయి మొహం చూస్తే తెలిసింది.

జిడ్డున్నా గరుకు నేలైతే జారదు. ఎందుకు నున్నగా ఉంది?

ఎం.డి. గారు దగ్గి, "అదేనండీ, ఆ కన్‌స్ట్రక్షన్ చేసిన మనిషి" అని మొదలుపెట్టారు. నేను మేస్త్రి గురించి ఆలోచించాను. నిజాయితీ పొంగిందనుకోకండి. మేస్త్రి ఇల్లు వీధి చివరే. వీళ్లు అడుగు తగిలేదాకా అడిగే మనుషులు. పిలిపిస్తే చెప్పులేసుకునేంత సేపట్లో వస్తాడు, టైల్స్ ఎవరు తెచ్చారో చెప్తాడు. అబద్ధం గిట్టుబాటు కాదు.

"అవి గోడ టైల్స్" అన్నాను. "నేనే తెచ్చాను. తెలిసే తెచ్చాను. చవక."

ఎం.డి. గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. చాప మీంచి మళ్లీ ప్రశ్న. చవకది ఎందుకు అవసరమైంది?

"ఎనభై వేలలో చేస్తానని ముందే చెప్పేశాను."

ఎందుకు ఎనభై?

"ఏమీ లేదండి. చెప్తే బాగుంటుందని చెప్పాను. రేట్లు తర్వాత కనుక్కున్నాను."

కుర్ర ఇంజనీరు అది రాయడానికి కొంచెం సేపు పట్టింది. మా పిల్లల్లో ఎవరో నవ్వు ఆపుకున్నారు. పెద్ద ఇంజనీరు మాత్రం నవ్వలేదు. ఫ్యాను మీంచి చూపు తిప్పకుండానే మెల్లగా ఏదో అడిగాడు. అమ్మాయి వెంటనే అనువదించలేదు.

"ఏమన్నారమ్మా?" అన్నారు ఎం.డి. గారు.

"ఇక్కడ ముందు అంకె చెప్పి తర్వాత పని దానికి తగ్గట్టు కోశారు. ప్రోగ్రాంలో కూడా ముందు తేదీ చెప్పి, దానికి తగ్గట్టు ఏమైనా కోశారా అని అడుగుతున్నారు సార్."

ఎం.డి. గారు తల అడ్డంగా ఊపారు. లేదని చెప్పమని అర్థం. ఆ తేదీ ఇచ్చింది ఆయనే. అమ్మాయి ఆయన్ని చూసింది, తన జట్టు పిల్లల్ని చూసింది. లేదంటే ఆ క్షణం గడిచిపోతుంది. ఉందంటే అందరి ఉద్యోగాలూ అక్కడే పోవచ్చు. ఆమె ముందు జపాను భాషలో చెప్పింది, తర్వాత మాకు తెలుగులో చెప్పింది.

"కోశామని చెప్పాను సార్. నెలాఖరు లెక్కల పరీక్షలు రెండు చేయలేదు. టైము లేక."

పెద్ద ఇంజనీరు కళ్లు మూసుకున్నాడు. అలా ఉండగానే రెండు ముక్కలు అన్నాడు.

"ఆ రెండూ ఇప్పుడు చేయమంటున్నారు" అంది అమ్మాయి. "ఎలాగూ రెండు వారాలు తాను లేవలేరట. ఎదురు చూస్తారట."

చేశారు. పది రోజులు పట్టింది. ఒక తప్పు బయటపడింది. దిద్దకముందే ఆ కాగితం పట్టుకుని ఒక కుర్రాడు బస్సెక్కి చందానగర్ వచ్చి, చాప మీద మోకాళ్లు వేసి, పడుకున్న మనిషి కళ్లకి ఎదురుగా దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. నార్సింగి ఆవిడ ఆ కుర్రాడికి అన్నం పెట్టి పంపింది. పెద్ద ఇంజనీరు వెళ్లేముందు సంతకం పెట్టాడు. మూడేళ్లకి కాదు, ఏడాదికి. అది బాగుంటే తర్వాత చూద్దామన్నాడు. కాంట్రాక్టు కాగితంలో ఒక షరతు ఉంది, ఇకమీదట వచ్చే అతిథుల్ని హోటల్లో ఉంచాలని. ఉత్తరాలు టైపు చేయించే పని నాకు పడలేదు.

రిటైరయ్యేదాకా ఈ కథని నేను ఇంకోలా చెప్పుకున్నాను. పార్టీల్లో, గ్లాసు చేతిలో పెట్టుకుని, నా సత్రం వల్లే కాంట్రాక్టు వచ్చిందనేవాణ్ణి. జనం నవ్వేవారు, నమ్మేవారు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని బిల్లు మళ్లీ వేశాను. పిల్లలూ, ఇది మీరు కూడా కూడుకుని చూసుకోవచ్చు.

అద్దె, సిమెంటు, టైల్స్, చాపలు, అంగీలు, గ్యాసు, ట్యాంకర్లు, వంట, నార్సింగి ఆవిడ జీతం, అన్నీ కలిపి ఎనభై ఐదు వేలు. దవాఖాన, డాక్టర్లు, మందులు పద్నాలుగు వేలు. ప్రమాదం తర్వాత కుర్ర ఇంజనీర్లిద్దర్నీ హోటలుకి మార్చినందుకు లక్షా ఎనిమిది వేలు. పెద్దాయన పడుకుని ప్రయాణం చేయడానికి విమానం టికెట్టు మార్చినందుకు అరవై రెండు వేలు. తొట్టి పగలగొట్టి పెరడు యథాప్రకారం చేసి ఇంటివాళ్లకి అప్పగించినందుకు ఆరు వేలు. మొత్తం రెండు లక్షల డెబ్బై ఐదు వేలు. మొదటి రోజునే హోటల్లో దింపి ఉంటే రెండు లక్షల నలభై వేలు.

జమ వైపు ఏడాది కాంట్రాక్టు రాసుకోబోయాను. రాయకూడదు. అది ఆ అమ్మాయి చెప్పిన నిజానికీ, పిల్లలు పది రోజులు కూర్చుని చేసిన పరీక్షలకీ వచ్చింది. నా పద్దు కాదు. నేను టైల్స్ గురించి ఒప్పుకున్నది కూడా జమ కాదు, దొరికిపోతానని ఒప్పుకున్నది. మరుసటి ఏడాది పెద్ద ఇంజనీరు మళ్లీ వచ్చినప్పుడు మా ఆఫీసు మెట్లు ఎక్కుతూ పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు, మలుపు దగ్గర ఆగాడు. పాత నొప్పేనన్నాడు. అంతకుముందు ఆయన ఆగకుండా ఎక్కడం నేను చూశాను.

ఖర్చు వైపు: ముప్పై ఐదు వేల రూపాయలు, ఒక పెద్దమనిషి నడుము. జమ వైపు: ఏమీ లేదు.